ఆదివారాల పీట

అత్తయ్య పోయి నెల దాటింది. ఒక ఆదివారం పొద్దున వరండాలో చాప పరుచుకుని నా పాత డైరీలను ఎండకి పెడుతున్నాను. ఏటా వానలు వెనకబట్టాక చేసే పని ఇది. అట్టలు తుడిచి, పేజీల మధ్య పాత వేపాకు తీసి కొత్తది పెట్టి, సంవత్సరాల వరసలో మళ్ళీ బీరువాలో సర్దుతాను. ప్రాసిక్యూటరు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక అత్తయ్యకి తోడుగా ఉందామని నర్సీపట్నంలోని ఈ ఇంటికే వచ్చేశాను. అలా డైరీ రాయడం మొదలుపెట్టిన చోటికే డైరీలన్నీ తిరిగొచ్చాయి. పని సగంలో ఉండగా గేటు ముందు స్కూటీ ఆగింది. దిగింది లిల్లీ. మాకవరపాలెంలో నర్సుగా చేస్తోంది. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది, తెల్ల చీర, భుజాన బైబిలు సంచి. స్కూటీ మీద కాళ్ళ దగ్గర పాత దుప్పటిలో చుట్టిన వస్తువేదో ఉంది. దాన్ని రెండు చేతులా ఎత్తుకొచ్చి వరండాలో దించి, దుప్పటి విప్పింది. పనస చెక్క పీట.

"అమ్మ పంపింది అక్కా. అత్తయ్య గారి వస్తువు అత్తయ్య గారింటికి సేరాలంది."

నేను పీట మీద చెయ్యి వేసి ఒక మూల నొక్కాను. టక్కుమంది. నాలుగు కాళ్ళలో ఒకటి కొంచెం పొట్టి. ఇన్నేళ్ళలో ఎవరూ దాన్ని సరిచేయించలేదన్నమాట. చెక్క నూనె రంగుకి తిరిగి, మధ్యలో కూర్చున్నచోట నున్నగా అరిగి ఉంది. లిల్లీ మెట్టు మీద కూర్చుని చీర కొంగుతో మెడ తుడుచుకుంది. కాసేపు గేటు వైపే చూసింది.

"ఒక మాట అడుగుతాను, ఏటీ అనుకోకండి. అత్తయ్య గారున్నప్పుడు అడగలేకపోయేను. నా సిన్నప్పుడు ఒక ఆదివారం ఈ గేటుకి గొళ్ళెం పెట్టీసి ఉంది. నేనూ అమ్మా ఎంత పిలిసినా ఎవరూ పలకలేదు. ఊర్నించి ఇంకా రానట్టున్నారే అని అమ్మ నన్ను తీసుకెళ్ళిపోయింది. కాని లోపల్నించి సింతపండు వాసనొచ్చింది అక్కా. ఉన్నారని నాకు తెలుసు. తరవాత ఎన్నిసార్లు వచ్చినా, అత్తయ్య గారు ఎంత ముద్దు సేసినా, అది నా మనసులో అలగే ఉండిపోయింది. ఆవేళ నా మీద ఏటి కోపం వచ్చింది ఆవిడికి?"

కాఫీ పెడతాను కూర్చోమని లోపలికి వెళ్ళాను. స్టవ్ మీద పాలు పెట్టి, పొంగే వరకూ చూస్తూ నిలబడ్డాను. ఆ కాసేపట్లోనే వంటిల్లు కొంచెం కొంచెంగా చీకటై, పొగ వాసన పట్టి, తొంభైల నాటి వంటిల్లు అయిపోయింది.

మావయ్య, అంటే మా అమ్మకి అన్నగారు, ఈ ఊళ్ళో ప్లీడరు. విశాఖపట్నంలో లా చదివి వచ్చిన నన్ను ఆయనే జూనియరుగా పెట్టుకుని ఈ ఇంట్లో ఉంచుకున్నారు. వాళ్ళకి పిల్లలు లేరు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. నడవాలో పెద్ద బీరువా ఉన్నట్టే అదీ ఉండేది, అందరం దాని పక్కనుంచి తిరిగేవాళ్ళం. మావయ్య పొద్దున్నే వరండా స్తంభానికి అద్దం తగిలించుకుని గడ్డం గీసుకునేవారు. ముఖానికి నురగతోనే ఆరోజు మొదటి క్లయింటు మాట వినేవారు. కోటు మీద కట్టుకునే తెల్ల మెడపట్టీలు ఎవరినీ ఉతకనిచ్చేవారు కాదు. తనే ఉతికి మల్లెపొద మీద ఆరేసేవారు. అందుకని ఆయన కోర్టుకి వెళ్తే ఎండాకాలమంతా ఆ పక్కన నిలబడ్డవాళ్ళకి సన్నగా మల్లెల వాసన వచ్చేది. ముందు గదిలో కార్బన్ పేపరు, ఇంకు, పాత కట్టల వాసన. ఆ గది దాటి నడవాలోకి వస్తే అత్తయ్య రాజ్యం. అక్కడి వాసన నెలని బట్టి మారేది. పుష్యమాసంలో కొత్త బెల్లం, తర్వాత కందులు వేపిన వాసన, ఎండలు ముదిరే వేళకి చింతపండు, ఆపైన ఆవపిండి. నాకు డైరీ మొదట ఇచ్చింది మావయ్యే. చేసిన పని రాయి, అనుకున్నది రాయకు అన్నారు. నేనూ అలాగే రాశాను. అందుకే నా డైరీల్లో వాతావరణం ఉంది, వాయిదాలున్నాయి, ఏ బస్సెక్కామో ఉంది. లిల్లీ అడిగినది మాత్రం లేదు. ఆ ఆదివారం పేజీలో ఉన్నదల్లా "ఎండ. చింతపండు జాడీలకెత్తాం" అనే.

మావయ్యకో పద్ధతి ఉండేది. కాపురం చెడి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఏడుపుతో, శాపనార్థాలతో మొదలుపెట్టేవారు. ఆయన అవేవీ రాసుకునేవారు కాదు. "అది తర్వాత. నిన్న పొద్దున్న లేచిన కాడ్నించి పడుకునేదాకా ఏటి సేసేవో సెప్పు" అనేవారు. వాళ్ళు తెల్లబోయేవారు. నెమ్మదిగా కళ్ళాపి జల్లడం, పొయ్యి ముట్టించడం, బిందె మోయడం చెప్పుకుంటూ వచ్చేవారు. ఆ చెప్పడంలో ఎక్కడ గొంతు తడబడేదో అక్కడ ఆయన పెన్సిలుతో గీత గీసుకునేవారు. కేసు అక్కడుంటుందని ఆయన నమ్మకం.

కరుణ అలాగే వచ్చింది. నాతవరం పిల్ల. వాళ్ళది తాతల నాటి నుంచి మిషను చర్చి కుటుంబం, తండ్రి ఆ చర్చిలో గంట కొట్టేవాడు. కోటవురట్ల సంబంధం. భర్త పీటరు చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఫ్యాక్టరీ క్వార్టర్ల దగ్గర అతనికి ఇంకో కాపురం ఉందని తెలిసి ఈమె నిలదీసింది. సంఘ పెద్దలు ఇద్దరినీ కూర్చోబెట్టి ప్రార్థన చేసి పంపారు. ఆ తర్వాత అత్తవారు, చర్చిలో కోతల పండక్కి పుట్టింటికి వెళ్ళి రమ్మన్నారు, పిల్లకి ఒళ్ళు వెచ్చగా ఉంది, ఇక్కడే ఉంచమన్నారు. తిరిగొచ్చేసరికి ఆమె ట్రంకు పెట్టె గుమ్మం బయట ఉంది. పిల్ల లోపల ఉంది. అప్పటికి లిల్లీకి ఇంకా మాటలు పూర్తిగా రాలేదు. కరుణ మా మెట్లెక్కే నాటికి ఏడాది పైన గడిచిపోయింది.

"నిన్నటి రోజు సెప్పమ్మా" అన్నారు మావయ్య, గడ్డం సగం గీసిన ముఖంతో.

"పొద్దున్నే లేత్తాను బాబూ. పేడ తీత్తాను. పొయ్యి ముట్టించి గిన్నెడు నీళ్ళు కాగబెడతాను. కాగినాక గుర్తొత్తాది, నీళ్ళోసుకునే గుంట, నా పిల్ల, ఇక్కడ నేదని. ఆ నీళ్ళు మాయమ్మ కాళ్ళకి పోసీస్తాను. అప్పుడు కుట్టు కాడ కూకుంటాను."

మావయ్య పెన్సిలు అందుకున్నారు. నురగ ఆరిపోయి చెంప మీద తెల్లగా అట్టకట్టింది.

"సూడమ్మా, విడాకుల సంగతి పక్కన పెట్టు. మీ మతానికున్న చట్టం దొరల కాలం నాటిది. మొగుడు ఇంకోదాన్ని ఉంచుకున్నాడంటే ఆడదానికి సరిపోదు. దానితోపాటు హింసో, ఒగ్గీసి పోవడమో రుజువు కావాలి. ఇక్కడ గెలిచినా మళ్ళీ హైకోర్టు ఒప్పుకోవాలి. మీ ఇద్దరూ కలిసొచ్చి మాకొద్దీ కాపురమన్నా కుదరదు. అదలా ఉండనీ. ముందు పిల్లని ఇప్పించమని అడుగుదాం."

"అదే కావాల బాబూ. ఆ కాయితం రాకపోతే రాకపోనీండి. నా గుంట నన్ను మర్సిపోతాంది."

విశాఖపట్నంలో పెద్ద కోర్టులో పిల్ల కోసం పిటిషను వేశాం. జడ్జిగారు ముందుగా, తల్లి పిల్లని వారానికోసారి చూడొచ్చని ఉత్తర్వు ఇచ్చారు. ఎక్కడ చూడాలన్నదే పేచీ. కోర్టు ఆవరణలో నా మనవరాలిని తిప్పనని పీటరు తల్లి సారమ్మ మొండికేసింది. "ప్లీడరమ్మ గారింటికాడైతే తెత్తాను, ఆవిడ నాకు తెలుసు" అంది. ఎదుటి పక్షం వాళ్ళు మా ఇల్లు కోరడమేమిటని వాళ్ళ లాయరుకే నవ్వొచ్చింది. సంగతేమిటంటే సారమ్మ ఏళ్ళ తరబడి గంపలో జీడిపప్పు తెచ్చి నర్సీపట్నం వీధుల్లో అమ్మేది. మా అత్తయ్య ఆమెకి పాత బేరం. దావా పడ్డా ఆ బేరం ఆగలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక చంకలో మనవరాలిని, ఇంకో చంకలో గంపని పెట్టుకుని మా గేటు తీసుకుని వచ్చేది.

"ఏటి సారమ్మా, ఈసారి పప్పు నల్లబడిందేటి?"

"మీ ప్లీడరు గారు నా కొడుకు మీద దావా ఏసిన కాడ్నించీ మా పొయ్యి సరిగ్గా మండడం నేదమ్మగారూ."

"అలగైతే దావా తీసీమంటాను. పప్పు తెల్లగా తెత్తావా?"

"తెల్లగా తెత్తే మీరు ఇంకాస్త కొసరడుగుతారు గాని."

ముందు గదిలో మావయ్య పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకోవడం నాకు కనబడేది. కరుణ మాత్రం నవ్వేది కాదు. ఆమె నాతవరం నుంచి మొదటి ఆటో ఎక్కి వచ్చి, తలదువ్వుకుని, ఉతికిన చీరతో వరండా చివర నిలబడి ఉండేది. మొదట్లో బిస్కెట్లు తెచ్చింది, రబ్బరు బొమ్మ తెచ్చింది, గాజులు తెచ్చింది. చేతులు చాపేది. లిల్లీ సారమ్మ మెడ చుట్టూ చేతులు బిగించి, ఆ గంప వెనక ముఖం దాచుకునేది. దగ్గరికి వెళ్తే కెవ్వుమనేది. మధ్యాహ్నమయ్యేది, సారమ్మ లేచేది. కరుణ గేటు దాకా వెళ్ళి, రోడ్డు మలుపు తిరిగేదాకా చూసి, తెచ్చిన బొమ్మని సంచిలో పెట్టుకుని నాతవరం ఆటో ఎక్కేది. మావయ్యకి దిగులు పట్టుకుంది. జడ్జి పిల్లని పిలిచి అడిగే రోజు వస్తుంది. ఆ రోజు కూడా పిల్ల ఇలాగే తల్లిని చూసి ఏడిస్తే, చట్టం ఏ పుస్తకంలో ఏం రాసి ఉన్నా ఉపయోగం లేదు.

చింతపండు కాలం వచ్చింది. ఏడాదికి సరిపడా కొని, నడవాలో గుట్ట పోసి, పిక్కలు తీసి, ఈనెలు లాగి, రాళ్ళుప్పు జల్లి జాడీలకెత్తడం అత్తయ్యకి పెద్ద పని. ఆమె ఈ పనస చెక్క పీట వేసుకుని కూర్చునేది. వాళ్ళమ్మ కాపురానికి పంపేటప్పుడు ఇచ్చిన పీట ఇది. ఒక కాలు పొట్టిది కావడం వల్ల చెయ్యి ఆడినప్పుడల్లా టక్కు టక్కుమనేది. ఆ చప్పుడు వినబడితే అత్తయ్య పనిలో ఉందని వీధిలో వాళ్ళకి కూడా తెలిసేది. ఒక ఆదివారం ఆమె లోపల్నుంచే కరుణని పిలిచింది.

"ఏటమ్మా, అలగ నిలబడి ఆ పిల్లని గుచ్చి గుచ్చి సూత్తావు? మనకైనా భయమేత్తాది. ఇటు రా. ఇక్కడ కూకుని పిక్కలు తియ్యి. ఆ పిల్లకేసి సూడకు."

"సూడకపోతే నేనెందుకొచ్చేనమ్మగారూ?"

"పిక్కలు తియ్యడానికొచ్చేవు. బేగి రా."

కరుణ వచ్చి కింద కూర్చుంది. చూడొద్దన్నారు కాబట్టి తల వంచుకుని పని చేసింది. నేను డైరీలో రాసుకోవలసిన పనేమీ లేక వాళ్ళ పక్కనే చేరాను. సారమ్మ కూడా ఖాళీగా కూర్చోలేక గంప పక్కన పెట్టి తనొక పోగు ముందుకు లాక్కుంది. ఎండ కిటికీ చువ్వల మీదుగా గచ్చు మీద పడి, నెమ్మదిగా జరిగి గోడెక్కేది. పులుపు వాసన గాలంతా నిండి, నోరూరుతూ, కళ్ళు మూతలు పడుతూ ఉండేవి. ఎవరూ ఎవరితోనూ దావా మాట మాట్లాడేవారు కాదు. ఎవరి పెళ్ళిలో పులిహోర పులిసిందో, ఏ ఊరి చింతపండుకి ఈనెలెక్కువో, అదే మాట. పీట టక్కు టక్కు. లిల్లీకి ఆ పీట నచ్చింది. మొదట దూరం నుంచి చూసింది. తర్వాత వారం దాని కాలు పట్టుకుని చూసింది. ఆ పైవారం అత్తయ్య నీళ్ళు తాగడానికి లేవగానే ఎక్కి కూర్చుని ఊగింది. అత్తయ్య తిరిగొచ్చి, గోడకి ఆనుకుని కింద కూర్చుంది. అప్పటి నుంచి ఆ పీట లిల్లీది. దాని పక్కనే నేల మీద కరుణ మోకాలు ఉండేది.

పిక్కల కోసమే మొదటి మాట. కరుణ ముందున్న పోగులో నున్నటి పిక్క ఒకటి మెరిసింది. లిల్లీ పీట మీద నుంచి వంగి, "అది నాకు" అంది. కరుణ తలెత్తలేదు. పిక్కని తీసి, కొంగుతో తుడిచి, అరచేతిలో పెట్టి పక్కకి చాపింది. పిల్ల తీసుకుంది. ఇంకోటి అడిగింది. కొన్ని వారాలకి ఆ వేళ్ళు కరుణ చేతిలోంచి తీసుకోవడం మాని, చేతిలోనే ఆడుకోవడం మొదలుపెట్టాయి. ఒకరోజు చింతపండు అంటిన తల్లి బొటనవేలు పట్టుకుని నోట్లో పెట్టుకుని చీకి, పులుపుకి ముఖమంతా ముడిచి నవ్వింది. కరుణ అత్తయ్య వైపు చూసింది. ఏడవమంటారా వద్దా అని అడుగుతున్నట్టుంది. అత్తయ్య "పని కానీ" అంది. సారమ్మ ముక్కు చీదుకుంటూ, "మీ సింతపండు ఘాటు గొప్పదమ్మగారూ, కళ్ళంట నీళ్ళొత్తన్నాయి" అంది. అప్పుడప్పుడు పీటరు సైకిలు మీద వచ్చి, లోపలికి రాకుండా గేటు బయట బెల్లు కొట్టేవాడు. లిల్లీ పరిగెత్తేది. వీధి చివరిదాకా తిప్పి దించేవాడు. అత్తయ్య అతనికీ గ్లాసుతో మజ్జిగ పంపేది.

జడ్జిగారు పిల్లని తెమ్మన్న రోజు అందరం విశాఖపట్నం వెళ్ళాం. ఛాంబరు లోపలికి తల్లిని గాని, మామ్మని గాని రానివ్వలేదు. పిల్ల బెదిరిపోతోందని, రెండు పక్షాలూ ఒప్పుకున్నాక, ఆడ జూనియరునని నన్ను కూర్చోనిచ్చారు. జడ్జిగారు పెద్దాయన. బల్ల మీదున్న పేపరు వెయిటు లిల్లీ చేతికిచ్చి, కాసేపు ఆడుకోనిచ్చి, అడిగారు.

"నీకు ఎక్కడుండాలనుందమ్మా?"

"ప్లీడరు గారింటికాడ."

ఆయన నా వైపు చూశారు. నేను నేల చూపులు చూశాను.

"అక్కడ ఎవరుంటారు?"

"అమ్మ ఉంటాది. మామ్మ ఉంటాది. అత్తయ్య ఉంటాది. నాన్న బెల్లు కొడతాడు. పీట ఉంటాది."

"మరి అమ్మతో అమ్మ ఇంటికి వెళ్తావా?"

లిల్లీకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. అమ్మకి వేరే ఇల్లుంటుందని ఆ పిల్లకి తెలీదు. ఆమె లెక్కలో అమ్మ మా నడవాలో, చింతపండు పక్కన, ఆదివారం పుట్టి ఆదివారం మాయమయ్యే మనిషి. జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వేసవి సెలవులు పూర్తయ్యేదాకా పిల్లని తల్లి దగ్గర, తల్లి సొంతంగా ఉండే చోట ఉంచమనీ, తర్వాత మళ్ళీ తెమ్మనీ, అప్పుడు తేలుస్తాననీ ఉత్తర్వు రాశారు. తిరుగు బస్సులో మావయ్య కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ కూర్చున్నారు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ అత్తయ్యతో, "కేసులో మూడో పక్షం ఒకటుందట, అది నువ్వేనట" అన్నారు నవ్వుతూ. జరిగినదంతా చెప్పారు. అత్తయ్య నవ్వలేదు. చింతపండు జాడీ మూత తిప్పి, వాసన చూసి, మళ్ళీ మూత పెట్టింది.

కరుణ పెదబొడ్డేపల్లి వైపు ఒక గది అద్దెకి తీసుకుని కుట్టు మిషను పెట్టుకుంది. పిల్లని తెచ్చుకుంది. ఆ గదిలో లిల్లీ అన్నం తినలేదు. గుమ్మం పట్టుకుని నిలబడి ప్లీడరు గారింటికి పోదామనేది. ఏం చెయ్యాలో తోచక కరుణ సాయంత్రం కాగానే పిల్లని ఎత్తుకుని మా ఇంటికి వచ్చేసేది. ఇక్కడ లిల్లీ తినేది, నవ్వేది, పీట మీద ఊగుతూ నిద్రపోయేది. కరుణకీ హాయిగానే ఉండేది. వెళ్ళేటప్పుడు మాత్రం పిల్ల వీధంతా వినబడేలా ఏడ్చేది. అత్తయ్య కొన్నాళ్ళు ఊరుకుంది. తర్వాత ఒకరోజు రిక్షా పిలిపించి, పీటని ఒళ్ళో పెట్టుకుని ఎక్కి, నన్నూ రమ్మంది. కరుణ గదిలో మిషను పక్కన పీట వేసి, లిల్లీని దాని మీద కూర్చోబెట్టి చెప్పింది.

"ఈ పీట ఇంక మా ఇంట్లో ఉండదు. మీ అమ్మకిచ్చీసేను. ఇక్కడే కూకో, ఇక్కడే తిను. కరుణా, నువ్వు కొన్నాళ్ళు మా ఇంటికి రాకు. మేం ఊరెళ్తన్నాం."

మేం ఏ ఊరూ వెళ్ళడం లేదు. రిక్షాలో తిరిగి వస్తూ ఆ మాటే ఆమెని అడిగాను. ఖాళీ ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుంది. కరుణ నిజంగానే రాలేదు. కాని ఆదివారం వచ్చేసరికి పిల్ల పోరు పడలేక, ఒకవేళ తిరిగొచ్చేశారేమో అనుకుని వచ్చింది. అది ఆఖరి చింతపండు జాడీలకెత్తుతున్న రోజు. అత్తయ్య నేల మీద చాపేసుకుని పని చేసుకుంటోంది. గేటుకి లోపల గొళ్ళెం పెట్టి ఉంది. గేటు చప్పుడైంది. "అమ్మగారూ" అని కరుణ పిలిచింది. "అత్తయ్యా" అని లిల్లీ పిలిచింది. నన్ను చూసి నేర్చుకున్న పిలుపు అది. మావయ్య రేడియో ఆపేశారు. నేను లేవబోయాను. అత్తయ్య నా కన్నా ముందు లేచి తలుపు వెనక నిలబడి, నా మణికట్టు పట్టుకుని ఆపింది. ఆమె చెయ్యంతా చింతపండు గుజ్జు. ఆ జిగురు, ఉప్పు గరుకు, ఆ వేళ్ళ బిగువు నాకు ఇప్పటికీ తెలుస్తాయి. పిల్ల పిలుస్తూనే ఉంది. పిలిచినప్పుడల్లా ఆ పట్టు బిగిసేది.

నేను కిటికీ సందులోంచి చూశాను. కరుణ వంగి, "ఊర్నించి ఇంకా రానట్టున్నారే, రా పోదాం" అంది. లిల్లీ గేటు చువ్వలు పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత వదిలేసి వెనక్కి తిరిగి చేతులు పైకెత్తింది. కరుణ ఎత్తుకుంది. పిల్ల తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, భుజం మీద తల వాల్చింది. ఒకప్పుడు సారమ్మ మెడని పట్టుకున్నట్టే పట్టుకుంది. వాళ్ళు ఎండలో నెమ్మదిగా వెళ్ళిపోయారు.

"ఎల్లిపోనారా?" అంది అత్తయ్య, కళ్ళు మూసుకునే.

"వెళ్ళిపోయారు."

"ఏడిసిందా?"

"లేదు. వాళ్ళమ్మ భుజం మీద పడుకుంది."

అత్తయ్య నా చెయ్యి వదిలింది. మళ్ళీ వెళ్ళి చాప మీద కూర్చుంది. టక్కు టక్కు లేకుండా ఆ పని ఎంత నిశ్శబ్దమో ఆరోజు తెలిసింది. సాయంత్రం దాకా మావయ్య రేడియో పెట్టలేదు.

సెలవులయ్యాక జడ్జిగారు మళ్ళీ అదే ప్రశ్న అడిగారు. అప్పుడూ నేను ఆ గదిలోనే ఉన్నాను. "మా ఇంటికాడ" అంది లిల్లీ. మీ ఇల్లెక్కడమ్మా అంటే, "అమ్మ మిషను కాడ. పీట ఉన్నాది" అంది. పిల్ల తల్లికి వచ్చింది. ఆదివారాలు తండ్రికీ, మామ్మకీ. సారమ్మ గంపతో ఆ గదికి కూడా వెళ్ళేది. కరుణ కుట్టిన జాకెట్టుకి వంక పెట్టేది, కరుణ ఆమె జీడిపప్పుకి వంక పెట్టేది. చాలా ఏళ్ళకి వాళ్ళ చట్టం మారి, ఇద్దరూ కలిసి అడిగితే విడాకులిచ్చే వీలొచ్చింది. అప్పుడు పీటరూ కరుణా కలిసి వెళ్ళి ఆ కాగితం కూడా తెచ్చుకున్నారు. ఆరోజు ఎవరూ సంతోషించలేదు, ఎవరూ ఏడవలేదు. ఇద్దరూ ఒకే బస్సులో, వేరు వేరు సీట్లలో తిరిగొచ్చారని మావయ్య చెప్పారు.

ఇప్పుడు విడిపోయిన తల్లిదండ్రులు పిల్లల్ని కలుసుకోడానికి కోర్టుల్లో గదులు కట్టారు. ఉద్యోగంలో ఉండగా చూశాను. గోడల మీద ఏనుగులు, చిలకలు, మూలన ప్లాస్టిక్ జారుడుబల్ల, ఫ్యాను, కుర్చీలు. మంచి గదులే. ఒక పక్షం ప్లీడరు ఇంట్లో ఇంకో పక్షానికి మజ్జిగ పంపడం ఇప్పుడు కుదరదు. కుదరకపోవడమే మేలు కూడా, అన్ని ఇళ్ళూ మావయ్య ఇంటిలా ఉండవు. కాని ఆ గదుల్లో కూర్చున్నవాళ్ళ చేతులు చూస్తే నాకు దిగులేసేది. ఎవరికీ చేసే పని లేదు. బొమ్మ చేతికిచ్చి, గడియారం చూసుకుంటూ, అందరూ పిల్లకేసే చూస్తూ కూర్చుంటారు. పిల్ల ఎటు చూడాలో తెలియక జారుడుబల్ల వైపు చూస్తుంది. అక్కడ ఒక చింతపండు గుట్ట పోస్తే బాగుండునని ఎన్నోసార్లు అనిపించింది.

పాలు పొంగాయి. కాఫీ కలిపి వరండాలోకి తెచ్చాను. లిల్లీ నా డైరీలు ఒక్కొక్కటే ఎండ వైపు తిప్పి పెడుతోంది. గ్లాసు చేతికిచ్చి, పక్కన కూర్చుని, తలుపు వెనక సంగతి చెప్పాను. రిక్షా సంగతి, ఏ ఊరూ వెళ్ళని సంగతి, మణికట్టు సంగతి, "ఏడిసిందా" అని అడిగిన సంగతి. చెప్పడం అయ్యాక లిల్లీ నా చెయ్యి తీసుకుని మణికట్టు తిప్పి చూసింది. నర్సులు నాడి చూసేటప్పుడు పట్టుకున్నట్టే పట్టుకుంది. వేళ్ళు అక్కడే ఉంచింది.

"అమ్మకీ తెల్దు ఇది" అంది చివరికి. "నా ఏడుపు మాన్పడానికి ఎరువిచ్చిన పీటని ఇన్నాళ్ళుంచీసుకున్నాం అని బాధపడతంటాది."

"ఎరువు కాదు. ఆరోజు నీ ముందే కదా, మీ అమ్మకిచ్చీసేను అంది."

"నాకు గుర్తు నేదు అక్కా. నాకు గేటొక్కటే గుర్తుంది."

కాఫీ తాగి గ్లాసు తనే కడిగి బోర్లించింది. దుప్పటి పరిచి, పీటని దాని మధ్యలో పెట్టి, వచ్చినప్పటి కన్నా గట్టిగా చుట్టి ముడేసింది. "పట్టుకెళ్ళిపోతాను" అంది నా ముఖం చూడకుండానే. పట్టుకెళ్ళు అన్నాను. స్కూటీ మీద కాళ్ళ మధ్య దాన్ని ఇరికించుకుని కూర్చుంది. నేను వెళ్ళి గేటు రెండు రెక్కలూ బార్లా తీసి పట్టుకున్నాను.